దొర్వలీనా బోర్లించిన కప్పు

దొర్వలీనా వచ్చే నెల పని మానేస్తోంది. అరవై నిండాయి. వీడ్కోలు రోజున చదవడానికి ఆమె గురించి నాలుగు ముక్కలు రాయమని మా షెడ్డువాళ్ళు నన్నే పట్టుకున్నారు. పద్నాలుగేళ్ళు పక్కపక్కనే పనిచేసినదాన్ని, ఆమె సంగతి నాకంటే ఎవరికి తెలుస్తుందని వాళ్ళ వాదన. నిజమే, నాకే తెలుసు. ఏ రోజు డబ్బాలో ఏం తెస్తుందో తెలుసు. తీగ నచ్చకపోతే ముక్కు ఏ పక్కకు తిప్పుతుందో తెలుసు. ఒక మనిషిని అంత పట్టి పట్టి చూసేవాళ్ళు రెండే రకాలు, ప్రేమించినవాళ్ళూ ఓర్వలేనివాళ్ళూ. నేను ఏ రకమో వింటుంటే మీకే తెలుస్తుంది. పొగడ్తలు కావాలంటే ఇంజనీరు రౌలీనోను అడగండి, ఆయన దగ్గర బోలెడున్నాయి. నేను జరిగింది రాస్తాను.

ఆ రోజు చుట్టాలూ పిల్లలూ కూడా వస్తారు కాబట్టి మా పనేమిటో కాస్త చెప్పాలి. మాది ఇటపోకు నది ఒడ్డున ఒకప్పటి బియ్యం మిల్లు. జరగువా ఊళ్ళో పెద్ద ఫ్యాక్టరీలు రోజుకు వేల మోటార్లు తయారుచేస్తాయి. మేం ఏడాదికి ఎనిమిది చేస్తే పండగ చేసుకుంటాం. మావి అమ్మకానికి కావు, ప్రయత్నించి చూసేవి. రౌలీనోకు ఒకటే పిచ్చి. మోటారులోకి వంద పాళ్ళు కరెంటు వెళ్తే తొంభై ఎనిమిది పాళ్ళు పనిగా బయటికి రావాలి. మామూలు మోటారు నూటికి పదో పన్నెండో పాళ్ళు వేడిగా మార్చి గాలికి వదిలేస్తుంది. మంచిదైతే ఐదారు. రౌలీనో రెండుకు మించి ఇవ్వనన్నాడు. ఐదు వేల వాట్ల మోటారులో పుట్టే వేడి వంద వాట్లు దాటకూడదు. అంటే మా అమ్మ వంటింట్లో వేలాడిన పాత బల్బు ఒక్కటి.

అయస్కాంతాలూ ఇనుప రేకులూ ఆయన లెక్క. రాగి తీగ మాత్రం మా చేతుల్లోది. మోటారులో తిరగకుండా ఉండే ఇనుప గుల్లకు లోపలి అంచున గాడులుంటాయి. ఆ గాడుల్లో వెంట్రుకల్లాంటి తొమ్మిది తీగల జడను చేత్తో దూర్చి, ఒక్కో కాయిల్‌కు ఇరవై మూడు చుట్లు చుట్టాలి. అలాంటి కాయిళ్ళు పన్నెండు, వాటిని జట్లు జట్లుగా కలుపుతాం. యంత్రంతో చుడితే గాడిలో ఖాళీలు మిగులుతాయి. చేత్తో అయితే వేలు ఒత్తిన కొద్దీ ఇంకో తీగకు చోటు దొరుకుతుంది. ఇక్కడ యంత్రానికి చోటు లేదు, యంత్రం కన్నా మొండి ఆడవాళ్ళకు ఉంది.

లెక్క నోట్లోనే ఉంటుంది. చెయ్యి గాడిలో ఉండగా ఎవరైనా పలకరిస్తే లెక్క గల్లంతు. అందుకే మా గదిలో ఒక నియమం పెట్టుకున్నాం. లెక్క మొదలుపెట్టేటప్పుడు కాఫీ కప్పు బల్ల మీద బోర్లించాలి. బోర్లించిన కప్పు ఎదుట ఎవరూ నోరు విప్పకూడదు, ఇల్లు కాలిపోతున్నా సరే. విప్పినవాళ్ళు శుక్రవారం గదికంతటికీ సరిపడా కూకా కేకు చేసుకొని రావాలి. పైన వెన్నా చక్కెరా కలిపిన పిండి చల్లిన అరటిపండు కూకా, ఇంట్లో కాల్చింది. బేకరీలో కొన్నది చెల్లదు. రౌలీనో ఒక్కడే ఏడాదికి నాలుగైదు తెచ్చేవాడు, పాపం ఆయన భార్య.

దొర్వలీనా రాకముందు ఆ గదిలో మొదటి చెయ్యి నాది. పన్నెండేళ్ళుగా నాది. గదికి పెద్ద ఒట్మార్ గారు. ఆయన బల్ల కిటికీ పక్కన ఉంటుంది. తీగ పని చేసేవాళ్ళకు కిటికీ వెలుతురు ఎంత విలువైందో చెప్పలేను. మిగతావాళ్ళం ట్యూబులైటు కింద కళ్ళు చిట్లించుకుంటూ కూర్చుంటాం. ఆయన తరవాత ఆ బల్ల నాదేనని నేనూ అనుకున్నాను, గది మొత్తం అనుకుంది. మా ఆయన వెందెలీన్ అయితే దాని మీద పెట్టడానికి ఒక పూలకుండీ కూడా కొని ఉంచాడు.

ఆ మార్చిలో ఒక సోమవారం, వర్షంలో, గోనెసంచీ చంకన పెట్టుకొని దొర్వలీనా దిగింది.

"ఎర్నా, ఈమె దొర్వలీనా. ఇవాళ్టి నుంచి నీ పక్కనే కూర్చుంటుంది," అన్నారు ఒట్మార్ గారు.

"ఎక్కడ నేర్చుకుందట?"

"గువరమిరిం రోడ్డు మీద, పంపులు బాగుచేసే షాపులో."

"పంపులా! మనం ఇక్కడ వరిమళ్ళకు నీళ్ళు తోడట్లేదు కదండీ."

దొర్వలీనా పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. "తోడాల్సొస్తే చెప్పండి దోనా ఎర్నా, అది మాత్రం నాకు బాగా వచ్చు," అంది.

గది గొల్లుమంది. నా ముఖం మాడిపోయింది. పైగా దోనా అట, అమ్మగారూ అన్నట్టు. నాకంటే మూడేళ్ళు పెద్దది, నన్ను దోనా అంటుంది. మానెయ్యమని ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. "ఇక్కడ పెద్ద మీరే కదా," అనేది. వెటకారమేమోనని నెల రోజులు వెతికాను. దొరకలేదు. దొరికి ఉంటే ఎంత బాగుండేది!

ఆమె జీవితం గురించి కూడా చెప్పాలి కదా. గారిబాల్ది కొండల్లో, అరటి తోటల మధ్య పుట్టింది. చదువు నాలుగో తరగతి. పందొమ్మిదో ఏట నెరెవు అనేవాణ్ణి చేసుకుంది. షాపు నెరెవుది, పని దొర్వలీనాది. ఆయనకు చేపల గాలం దగ్గర ఉన్న ఓపిక తీగ దగ్గర ఉండేది కాదు. ఒక ఏడు నది పొంగి ఊళ్ళకు ఊళ్ళు మునిగితే పంపులన్నీ కాలిపోయాయి. వరి రైతులు షాపు ముందు వరస కట్టారు. కొత్త తీగ ఎక్కడా దొరకలేదు. ఉన్న తీగతోనే అందరికీ సరిపెట్టాలి. అప్పుడామె ఒక పని చేసింది. గాడిలోపల ఉన్న తీగ మోటారును తిప్పుతుంది. ఒక గాడిలోంచి బయటికొచ్చి ఇంకో గాడిలోకి వంగే భాగం ఉంటుంది, దాన్ని మేం కాయిల్ తల అంటాం. అది ఏ పనీ చెయ్యదు, ఊరికే కరెంటు తిని వేడెక్కుతుంది. దొర్వలీనా ఆ తలల్ని పొట్టిగా, ఇనుముకు అంటుకునేలా వంచడం మొదలుపెట్టింది. జామకర్రను చాకుతో పలచగా చెక్కి, దాంతో ఒత్తి ఒత్తి వంచేది. మరీ లాగితే తీగ మీది పూత చిట్లి మోటారు తగలబడిపోతుంది. ఎక్కడ ఆపాలో ఆమె వేళ్ళకు తెలుసు. మూడు వారాల్లో నలభై పంపులు కట్టిందట.

తరవాత నెరెవు గుండె ఆగి పోయాడు. దినం కూడా కాకముందే మరిది వచ్చి షాపు తాళం అడిగాడు. ఆమె తీసి ఇచ్చేసింది. రౌలీనో మామగారి పొలంలో ఆమె కట్టిన పంపు ఒకటి ఉండేది. మధ్యాహ్నం ఎండలో నాలుగు గంటలు నడిచినా దాని మీద చెయ్యి పెట్టగలిగేలా ఉందని రౌలీనో ఆశ్చర్యపోయి, ఇది ఎవరు కట్టారని వాకబు చేసుకుంటూ వెళ్ళాడు. ఆమె మా షెడ్డుకు వచ్చిన దారి అదీ. మేం ఏళ్ళ తరబడి లెక్కలు వేసి దేనికోసం తంటాలు పడుతున్నామో, అది ఆమె తీగ లేక చేసింది. ఇది విన్న రోజున నాకు అన్నం సయించలేదు.

ఆమె చేతులు చూస్తే నమ్మబుద్ధి కాదు. మోటువి, కణుపులు లేచినవి. నావి సన్నటి వేళ్ళు, పెళ్ళిచూపుల్లో వెందెలీన్ తల్లి మెచ్చుకున్నవి. అయినా ఆ మొద్దు వేళ్ళు గాడిలోకి వెళ్తే తీగలు చెప్పిన మాట విన్నట్టు పక్కపక్కన సర్దుకునేవి. లెక్క ఆమె అమ్మమ్మ భాషలో, హంగేరియన్‌లో గొణుక్కునేది. ఎన్నో చుట్టులో ఉందో నాకు తెలిసేది కాదు. పక్కనే కూర్చొని అది కూడా తెలియకపోవడం నన్ను తినేసేది. గదిలో ఎవరికి తీగ ముడిపడినా మునుపు "ఎర్నా, ఓసారి చూడవా," అనేవాళ్ళు. ఇప్పుడు లేచి నేరుగా ఆమె బల్ల దగ్గరికి వెళ్తున్నారు. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఇంకో మాట వాడను, అదే జరిగింది.

ఇంటికి వెళ్తే అక్కడా ఆమే. తుపాకీ గురి పోటీలు పెట్టే మా షూటర్ల సంఘం విందుకు ఒకసారి కూకా చేసి తెచ్చింది. వెందెలీన్ మూడు ముక్కలు తిన్నాడు.

"ఎర్నా, నువ్వు కూడా అడిగి నేర్చుకోరాదూ? ఎంత మెత్తగా ఉందో!"

"ఇరవై ఏళ్ళ నుంచి నా కూకా తింటున్నావు, ఇప్పుడు పళ్ళు అరిగాయా నీకు?"

"అబ్బ, ఒక మాటన్నానంతే."

"ఆ మాట వెళ్ళి ఆవిడతోనే అను. ఆవిడ ఇంట్లోనే ఉండిపో."

ఆ సంఘంలో తుపాకీ పోటీల్లో గెలిచి నేను రెండుసార్లు రాణినయ్యాను. బ్యాండుతో ఇంటికొచ్చి తీసుకెళ్ళారు. తుపాకీ దగ్గర దొర్వలీనా నన్ను ఎన్నడూ గెలవలేదు. ఇది కూడా రాసి పెడుతున్నాను.

రెండేళ్ళు గడిచాక ఒట్మార్ గారు ఇక చాలన్నారు. సముద్రం పక్కన ఇల్లు కట్టుకున్నారు, అక్కడికి వెళ్ళిపోతారట. అదే సమయానికి రౌలీనో కొత్త మోటారుకు గీత గీశాడు. ఈసారి వంద వాట్ల లోపు రావాల్సిందేనని పట్టుపట్టాడు. ఒకే అచ్చులో రెండు గుల్లలు తెప్పించి, ఒకటి నా ముందు, ఒకటి దొర్వలీనా ముందు పెట్టాడు.

"ఒకే గీత, ఒకే తీగ, రెండు చేతులు. ఎవరిది చల్లగా ఉంటుందో చూద్దాం," అన్నాడు.

ఒట్మార్ గారు ఇంకో మాట కలిపారు. "కిటికీ బల్ల ఎవరిదో కూడా ఆ పెట్టే చెబుతుందిలే."

పన్నెండేళ్ళు, దాని మీద ఇంకో రెండేళ్ళు. నాది కావలసిన బల్లను పోటీలో పెట్టారు. అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా సరేనన్నాను, కాదంటే భయపడ్డాననుకుంటారు.

పెట్టె సంగతి చెప్పాలి. మోటారులోకి వెళ్ళిన కరెంటునూ బయటికొచ్చిన పనినీ కొలిచి తేడా చూస్తే సరిపోదా అని అందరూ అడుగుతారు. తేడా అంత చిన్నదైనప్పుడు అది కుదరదు. లారీని డ్రైవరుతోనూ డ్రైవరు లేకుండానూ తూచి, అతని జేబులో తాళాల బరువెంతో చెప్పినట్టుంటుంది. అందుకని ఒట్మార్ గారు నురగ పలకలతో మందంగా ఒక పెట్టె కట్టారు. మోటారును అందులో పెట్టి మూసి, రోజంతా నడిపి, పెట్టెలో తిరిగే గొట్టంలోకి వెళ్ళే నీళ్ళు ఎంత చల్లగా వెళ్ళి ఎంత వెచ్చగా వచ్చాయో చూస్తారు. వేడి ఎంతో అక్కడ తేలిపోతుంది. షూటర్ల సంఘం వాళ్ళు బీరు చల్లబరచుకునే పెట్టెను చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. ఆ పెట్టెకు మొహమాటం లేదు.

ఇప్పుడు నా ఘనకార్యం. నేను ఆమె పని దొంగిలించాను. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, ఆమె గుల్ల మీద గుడ్డ తీసి, కాయిల్ తలల ఎత్తు స్కేలుతో కొలుచుకున్నాను. మా పెరట్లో జామచెట్టు కొమ్మ విరిచి, వెందెలీన్ చేత పలచగా చెక్కించుకున్నాను. "ఇదెందుకే?" అన్నాడు. "నీ పళ్ళు తోముకోవడానికి," అన్నాను. ఆ కర్రతో నా తలలూ పొట్టిగా వంచడం మొదలుపెట్టాను. కష్టమైన పని. కళ్ళూ మనసూ మొత్తం వంపు మీదే పెట్టాలి, పూత చిట్లుతుందేమోనని భయం. అయినా వచ్చింది. నాలుగు రోజులు పోయేసరికి రెండు గుల్లలూ పక్కపక్కన పెడితే ఎవరిది ఏదో నేను కూడా గుర్తుపట్టలేనంతగా వచ్చింది.

అది నాకు చాలదా? చాలలేదు. బుధవారం మధ్యాహ్నం ఆమె పదో కాయిల్ మీద ఉంది, నేను తొమ్మిదో దాని మీద. ఆమె నాకంటే ముందుంది. రెండు కప్పులూ బోర్లించి ఉన్నాయి. గదిలో మిగతావాళ్ళు భోజనాలకు వెళ్ళారు. ఆమె చెయ్యి గాడిలో ఉంది, పెదవులు కదులుతున్నాయి. ఆ పెదవులు అలా నెమ్మదిగా, ఏ చింతా లేనట్టు కదలడం చూసి నాకు ఒళ్ళు మండింది. నోరు విప్పాను.

"దొర్వలీనా, నెరెవు దినమైనా కాకముందే షాపు తాళం మీ మరిదికి ఇచ్చేశావటగా? ఏం, ఈ మోటారులో కూడా ఆయనకు వాటా ఉందా?"

ఆమె చెయ్యి ఆగింది. పెదవులు ఆగాయి. నా కేసి చూడలేదు, తన కప్పు కేసి చూసింది. తరవాత నా కప్పు కేసి, నా చేతి కేసి చూసింది.

"మీ లెక్క చూసుకోండి దోనా ఎర్నా," అంది.

అంతే అంది. పదో కాయిల్ మొత్తం విప్పేసింది. ఒక పూట పని. తీగను ఒళ్ళో చుట్టుకుంటూ మెల్లగా విప్పింది, చివరకు తువ్వాలుతో కళ్ళు తుడుచుకొని మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. వెటకారమాడిందనుకున్నాను. నా లెక్క నాకు తెలియదా? పదిహేడు అనుకొని, పద్దెనిమిది అని, నా చెయ్యి నేను నడిపించుకున్నాను. లోపల ఎక్కడో సంతోషం కూడా వేసింది, దాచను.

గుల్లలు రెంటికీ వార్నిష్ పోసి, ఓవెన్‌లో ఆరబెట్టి తీశారు. రెండూ ఒకేలా ముదురు గోధుమరంగులోకి తిరిగాయి. ఎవరిది ఏదో ఒట్మార్ గారు కాగితం మీద రాసి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. గుల్లల మీద ఒకటి, రెండు అని మాత్రం రాశారు. ఒకటో మోటారును మంగళవారం పెట్టెలో పెట్టారు. సాయంత్రానికి తొంభై ఆరు వాట్లు. రౌలీనో ఆ అంకెను మూడుసార్లు చదివి, టోపీ తీసి బల్ల మీద కొట్టాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి వంద లోపుకి వచ్చింది. బుధవారం రెండోది. నూట ముప్పై ఒకటి.

గది గదంతా పెట్టె చుట్టూ ఉంది. తొంభై ఆరు నాదేనని నాకు ఇసుమంత అనుమానం లేదు. దొర్వలీనాను ఆ రోజు నేను చెదరగొట్టాను కదా. విప్పి మళ్ళీ చుట్టినా, మనసు చెదిరిన మనిషి ఎంత సరిగ్గా చుడుతుంది? పదిమందిలో గొంతు పెంచాను.

"ఇందులో చూడటానికేముంది? ఎక్కడో ఒక చుట్టు తగ్గింది. ఆ జట్టూ ఈ జట్టూ సమానంగా లేకపోతే తీగలు లోలోపల కొట్టుకొని కరెంటు తింటాయి. కప్పు బోర్లిస్తే సరా? బుద్ధి కూడా బల్ల దగ్గరుండాలి. పంపుల షాపు అనుకుంటే ఇలాగే ఉంటుంది."

ఒట్మార్ గారు జేబులోంచి కాగితం తీసి విప్పారు. కళ్ళజోడు సరిచేసుకున్నారు.

"రెండోది నీది ఎర్నా," అన్నారు.

తల కొట్టేసినట్టయింది. ఆయన అక్కడితో ఆగలేదు. మోటారు తీగల కొసలు విప్పి, లోపలి అయస్కాంతాల ఇరుసును తిప్పి, ఒక్కో జట్టులో, ఒక్కో కాయిల్‌లో ఎంత కరెంటు పుడుతుందో కొలిచారు. ఆ పరీక్ష ముందే చెయ్యాల్సిందని, హడావుడిలో వదిలేశానని నొచ్చుకున్నారు. తొమ్మిదో కాయిల్. ఇరవై రెండు చుట్లే ఉన్నాయి. కిందటి బుధవారం మధ్యాహ్నం ఆ మాట అనేటప్పుడు నేను పదహారులో ఉన్నాను. పదిహేడు ఎప్పుడూ చుట్టలేదు. నా విషం నేనే మింగాను.

గదిలో అందరూ కాళ్ళ వంక చూసుకుంటున్నారు. అప్పుడు దొర్వలీనా ముందుకొచ్చింది.

"తప్పు నాది ఒట్మార్ గారూ. కిందటి బుధవారం దోనా ఎర్నా కప్పు బోర్లించి ఉండగా నేను మాట్లాడాను. ఆవిడ లెక్క పోయింది."

"నువ్వా?" అన్నాడు రౌలీనో.

"నేనే. భోజనాల వేళ. శుక్రవారం కూకా తెస్తాను."

ఒక్క అక్షరం అబద్ధం లేదు. కప్పు బోర్లించి ఉంది, ఆమె మాట్లాడింది, మీ లెక్క చూసుకోండి అంది. దానికి ముందు ఏం జరిగిందో చెప్పలేదంతే. నా కేసి చూడను కూడా లేదు. చూసి ఉంటే అక్కడే మీద పడి రక్కేదాన్నేమో.

ఒట్మార్ గారు గడ్డం గోక్కున్నారు. ఆయన నియమాల మనిషి. "అయితే ఈ పోటీ చెల్లదు. బోర్లించిన కప్పు ముందు నోరు విప్పినవాళ్ళను గదికి పెద్దను చెయ్యలేను, దొర్వలీనా, ఎంత బాగా కట్టినా సరే. వరస ప్రకారం కిటికీ బల్ల ఎర్నాది. పై వారం శుక్రవారం నా ఆఖరి రోజు, ఆ రోజు ఇచ్చేస్తాను," అన్నారు.

"అలాగేనండి," అంది దొర్వలీనా.

నేను నోరు విప్పలేదు. విప్పవలసింది అప్పుడే. కాని కిటికీ బల్ల నా చేతుల్లోకి వచ్చి పడింది, ఎవరైనా వదులుకుంటారా? ఇంటికెళ్ళి వెందెలీన్‌తో చెప్పాను. పూలకుండీ కడిగి ఎండలో పెట్టాడు.

రెండు రోజులకు దొర్వలీనా కూకా తెచ్చింది. పెద్ద పళ్ళెం నిండా, మీద పొడిపిండి బంగారు రంగులో వేగి ఉంది. కాఫీ పోశారు. అందరూ తిన్నారు. నా వంతు ముక్క ఆమే తెచ్చి నా బల్ల మీద పెట్టింది. తినకపోతే అందరూ చూస్తారని తిన్నాను. వెందెలీన్ చెప్పింది నిజం. నోట్లో పెట్టగానే కరిగిపోయింది. అరటిపండు తియ్యగా, పొడి కరకరలాడుతూ, వెన్న వాసనతో ఉంది. నేను చేసిన తప్పుకు ఆమె తెచ్చిన కూకాను నేను తింటున్నాను, అది బాగుంది. పద్నాలుగేళ్ళలో నాకు ఆమె మీద ఎప్పుడైనా అసహ్యం పుట్టిందంటే ఆ ముక్క నములుతున్నప్పుడే. పనిలో గెలిచింది. చేతుల్లో గెలిచింది. ఇప్పుడు మంచితనంలో కూడా గెలిచి, ఆ గెలుపు మీద నన్ను కిటికీ పక్కన కూర్చోబెడుతోంది. రోజూ ఆ వెలుతురులో కూర్చొని నేను ఆమె దయను కాయిల్‌కు ఇరవై మూడు చుట్లు చొప్పున లెక్కపెట్టుకోవాలా?

ఆ వారం రోజులూ నాకు ఏదీ రుచించలేదు. వెందెలీన్ రెండుసార్లు "ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు, రెండుసార్లూ కసిరాను. పనిలో మాత్రం తొమ్మిదో కాయిల్ కోసి తీసేసి, కొత్త తీగతో ఇరవై మూడు చుట్లు చుట్టి పెట్టాను. గురువారం సాయంత్రం పిండి కలిపాను.

"ఇవాళేం పండగ?" అన్నాడు వెందెలీన్.

"ఏం లేదు. అరటిపళ్ళు మగ్గిపోయాయి."

శుక్రవారం ఒట్మార్ గారి ఆఖరి రోజు. ఆయన బల్ల ఖాళీ చేసి తుడుస్తున్నారు. నేను పళ్ళెం తీసుకెళ్ళి గది మధ్యలో పెట్టి, మీద గుడ్డ తీశాను.

"ఇదేంటి ఎర్నా? నా కోసమా?" అన్నారు ఒట్మార్ గారు.

"కాదండీ. కప్పు కోసం."

"ఎవరి కప్పు?"

"దొర్వలీనాది. ఆ బుధవారం ముందు నోరు విప్పింది నేను. నేను ఏమన్నానో అడక్కండి, చెప్పను. ఆమె నన్ను లెక్క చూసుకోమంది. నేను చూసుకోలేదు."

ఒట్మార్ గారు కిటికీ కేసి, నా కేసి, దొర్వలీనా కేసి చూసి తల ఊపారు. కిటికీ బల్ల ఇక దొర్వలీనాదేనని గదిలో అందరికీ అర్థమైంది. నాకు అందరికంటే ముందే అర్థమైంది. నా కళ్ళ ముందు అప్పుడు ఎండలో ఆరుతున్న ఆ పాడు పూలకుండీయే ఉంది.

కాఫీ పోశారు. ముక్కలు పంచాను. రౌలీనో తిని "బాగుంది, బాగుంది," అని రెండుసార్లు అన్నాడు, అంటే బాగాలేదన్నమాట. మిగతావాళ్ళు కాఫీలో ముంచుకు తిన్నారు. దొర్వలీనా ముక్కను పట్టి పట్టి చూసి, కొరికి, చాలాసేపు నమిలింది. తన ముక్కు ఎడమ పక్కకు తిప్పింది.

"పిండి ఎక్కువ పిసికేశారు దోనా ఎర్నా. వెన్న కూడా తక్కువైంది," అంది.

ఒకరి పనికి ఆమె వంక పెట్టడం నేను వినడం అదే మొదటిసారి, నా పనికే. నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళు మండింది. ఆమె రెండో ముక్క తీసుకొని వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది. నేను నా బల్ల దగ్గరికి వెళ్ళి, కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, కప్పు బోర్లించాను.